రాకకు కారణం

దొనకొండలో బస్సు దిగేసరికే
ఎండ పలకలు పలకలుగా పగిలి ఉంది.
షేర్ ఆటోలో తొమ్మిదిమందిమి, రెండు కోళ్ళు,
ఎవరి కాళ్ళ మధ్యనో ఒక గ్యాస్ బండ.
"చందవరం కొండకాడ దింపయ్యా" అన్నా.
డ్రైవరు అద్దంలోంచి చూశాడు:
"ఆడ గుడేం లేదు పెద్దమ్మా. పూజారీ లేడు.
ఇటికలు."
ఇటికల కోసమే వచ్చానని ఆయనకెందుకు చెప్పడం?

గుండ్లకమ్మలో నీళ్ళు లేవు.
ఇసుక మీదుగా ఒక గొర్రెల మంద
ఏటిలాగా ఒంపు తిరిగి పోతోంది.

మెట్ల మీద మూడుసార్లు కూర్చున్నా.
ఊపిరి నాదే.
దగ్గు మాత్రం ఓబులేసుది,
పోతూ పోతూ నాకిచ్చిపోయినట్టుంది,
పలకరాయి పొడితో పాటు.

కాపలా మాలకొండయ్యకు మోకాళ్ళు వంగవు.
ఈ నేల నీళ్ళు తాగిన కాళ్ళు.
కర్రతోనే గేటు గొళ్ళెం లేపి
రిజిస్టరు నా ముందుకు నెట్టాడు.
పేరు. ఊరు. రాకకు కారణం. తేదీ.

ముప్పైరెండేళ్ళు మార్కాపురంలో
పలకలకు చెక్కచట్రాలు బిగించినదాన్ని.
ఏ ఊళ్ళో పిల్లలో
నేను కొట్టిన మేకుల మధ్య అ ఆలు దిద్దుకున్నారు.
నాకు అక్షరం వచ్చింది యాభై దాటాక,
రాత్రిబడిలో, అదీ కాగితం మీద.
గాలెమ్మ అని రాశా. మార్కాపురం అని రాశా.
మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.
పైన ఎవరో కుర్రాడు "టైంపాస్" అని రాసి
కింద గీత గీశాడు.
తర్వాత రాస్తాలే అన్నా.

పెళ్ళికి ముందు ఓబులేసు
ఇక్కడి తవ్వకాల్లో గంపలు మోశాడు.
రోజుకూలి ఎంతో మర్చిపోయాడు,
ఒక్క రాయిని మర్చిపోలేదు.
"ఖాళీ కుర్చీ. కింద రెండు పాదాలు.
చుట్టూ జనం దండాలు పెడతన్నారు.
కుర్చీలో మడిసి లేడు గాలీ!
మన రాయి పొరలు పొరలుగా ఊడుద్ది.
ఆ రాయి ఊడదు, ఉలి చెప్పినట్టు ఇంటది."
చివరి నెలల్లో, ఆక్సిజన్ గొట్టం తీసి మరీ
ఆ కుర్చీ గురించే చెప్పేవాడు.
కూర్చున్నోడు ఎటు లేచిపోయాడో
కనుక్కోవాలన్నంత ఆత్రంగా.

గుండ్రటి దిబ్బ చుట్టూ తిరిగా.
ఇటికలు అరచెయ్యంత కాదు, మూరెడు.
ఒకదాని మీద కుక్కపిల్ల కాలిముద్ర,
పచ్చిగా ఉన్నప్పుడు తొక్కినట్టుంది,
ఎవరూ అదిలించలేదు కాబోలు.
రెండువేల ఏళ్ళ నాటి ఒక మధ్యాహ్నం అది.

"ఖాళీ కుర్చీ రాయి ఏదయ్యా?"
మాలకొండయ్య కర్ర ఎత్తి చూపించాడు.
రాయి లేదు. రాయి ఉన్న చోటు ఉంది.
చుట్టూ మసిబారిన గోడ,
మధ్యలో ఇంకా ఎండ ఎరగని తెలుపు.
"కొన్ని మ్యూజియానికి పొయినయ్యి.
కొన్ని రాత్రిపూట పొయినయ్యి.
అది ఎట్టా పొయిందో నేను రాకముందు సంగతి."

ఏడుపొస్తుందనుకున్నా. రాలేదు.
చెయ్యి దానంతటదే జాన సాచి
ఆ ఖాళీని కొలిచింది.
నిలువు నాలుగు జానలు, అడ్డం రెండున్నర.
దీనికి చట్రం వెయ్యాలంటే
మామిడిచెక్క ఆగదు, మద్ది కావాలి,
మూలకు రెండేసి మేకులు.
పైకే అన్నానేమో,
మాలకొండయ్య పచ్చటి పళ్ళతో నవ్వాడు.
"రాయే లేంది చట్రం ఎందుకక్కా?"

కుర్చీలో మనిషి లేడు.
ఇప్పుడు గోడలో కుర్చీ లేదు.
చూసి చెప్పినవాడు ఇంట్లో లేడు.
ఒకదానిలో ఒకటి దూరే డబ్బాల్లా
లేకపోవడాలు.
ఆఖరి డబ్బాలో నా చెయ్యి,
దానికి అంటిన కాస్త సున్నపు పొడి.
దాన్ని కొంగుకు తుడవబోయి ఆగా.

ఆయన సద్దిలో సగం పెట్టాడు,
జొన్నరొట్టె, గోంగూర పచ్చడి.
గోడనీడ ఎటు జరిగితే అటు జరుగుతూ తిన్నాం.

దిగేముందు రిజిస్టరు తెరిచి
మూడో గడిలో రాశా:
చూసి పోదామని.
చావింటికి వెళ్ళినా, పురిటింటికి వెళ్ళినా
గడపలో నిలబడి అనే మాటే కదా.
"ఎవుర్ని?" అన్నాడు మాలకొండయ్య
తల వంచి చదివి.

ఆటో హారన్ కొడుతోంది.
సగం మెట్లు దిగాక వెనక నుంచి కేక:
"అక్కా, తేదీ ఎయ్యలా!"

నువ్వే ఏదో ఒకటి వేసుకోవయ్యా అన్నా.